వార్షిక నివేదిక: పెట్టెల్లో సెన్సర్లు పెట్టాక

తేనెటీగల పెంపకందారుల సంఘం సభ్యులందరికీ నమస్కారం. నెలవారీ సమావేశాలు, కొత్తవాళ్లకు శిక్షణ, తేనె తీసే యంత్రం వంతులు ఎప్పటిలాగే నడిచాయి. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, కావాల్సినవాళ్లు చూసుకోవచ్చు. ఈసారి అసలు చెప్పాల్సింది తేనెటీగల్ని పట్టి పీడించే వరోవా నల్లుల మందు గురించి, దానికోసం ఈగల పెట్టెల్లో పెట్టిన వేడి, తేమ సెన్సర్ల గురించి.

ముందే ఒక మాట, సెన్సర్ నల్లుల్ని లెక్కపెట్టదు. ఫోన్‌లో వేడి చూపే గీత నిలకడగా ఉంది కదా అని మనలో కొందరం ఈగల్ని కడిగి చూడటమే మానేశాం, అది మన తప్పే. సుమారు 300 ఈగల్ని ఆల్కహాల్‌లో కుదిపి, రాలిన నల్లుల్ని ఎంచాల్సిందే. 9 రాలాయంటే నూటికి 3 అన్నమాట, ఇక మందు వాయిదా వేయకూడదు.

మరి సెన్సర్ దేనికి? అదను తెలియడానికి. పిల్లలున్నంతకాలం ఈగలు గూడు మధ్యలో వేడిని 34-35 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచుతాయి, పిల్లలు లేనప్పుడు ఆ పట్టు సడలి గీత కిందికీ పైకీ ఊగుతుంది. నల్లుల మందుగా వాడే ఆక్సాలిక్ ఆమ్లం పిల్లలుండే మూత వేసిన గదుల్లోకి దూరదు, ఈగల ఒంటి మీదున్న నల్లులనే చంపుతుంది కాబట్టి దానికి ఆ రోజులే మంచివి. ఇదివరకు చలిలో కూడా ప్రతి పెట్టె తెరిచి ఫ్రేములు లేపి చూసేవాళ్లం, ఇప్పుడు గీత మారిన పెట్టెనే తెరుస్తున్నాం.

ఫార్మిక్ ఆమ్లం సంగతి వేరు. అది మూత కింది నల్లుల్నీ చంపుతుంది, కానీ ఎండ ముదిరితే ఆవిరి ఒక్కసారిగా లేచి రాణికే ఎసరు పెడుతుంది. ఒక సభ్యుడి పెట్టెలో అదే జరిగింది. బయటి సెన్సర్ చెట్టు నీడలో ఉంది, పెట్టె మాత్రం మధ్యాహ్నమంతా ఎండలో ఉంది! అంకె బాగానే ఉందని ఆయన నిశ్చింతగా ఉన్నాడు, వారానికి చూస్తే రాణి లేదు. మందు పెట్టాక మొదటి మూడు రోజులు ఎండ ఎలా ఉండబోతుందో ముందే చూసుకున్నాకే మందు ప్యాడ్ విప్పండి, పెట్టెకు నీడ కట్టండి.

ఇంకో తలనొప్పి ఈగలు పూసే జిగురు. తేమ సెన్సర్‌ను పూర్తిగా కప్పేస్తున్నాయి, దాంతో అంకె కదలదు. సన్న జాలీ చుడితే కొంత నయం.

వచ్చే ఏడాది మందుకు ముందొకసారి, తర్వాతొకసారి కడిగి లెక్క రాసినవాళ్లకే సంఘం సెన్సర్లు ఇద్దామని కమిటీ అనుకుంది. తిరిగిచ్చేటప్పుడు జిగురు గీకి ఇవ్వండి, పోయినసారి ఒకటి తేనెతో సహా వచ్చింది.