రైల్వే లైన్లు: రాయి పాతిన రోజే గడువూ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ రైల్వే లైను 1993-94లో మంజూరైంది. పొడవు 177 కిలోమీటర్లు. పూర్తయింది 2017లో. రైలెక్కి నిజామాబాద్ పోదామని మా నాన్న ఎప్పుడూ అంటుండేవాడు. ఆయన ఉండగా ఆ రైలు రాలేదు.

151 కిలోమీటర్ల మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016లో శంకుస్థాపన జరిగింది. ఆ దారిలోని సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చింది.

సర్వే, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక), మంజూరు, భూసేకరణ, కట్టలు, వంతెనలు, పట్టాలు, చివరికి రైల్వే సేఫ్టీ కమిషనర్ తనిఖీ. ఇంత పనికి సమయం పడుతుంది, కాదనను. కానీ అత్యంత నలిగిపోయేది సర్వేకూ పరిహారానికీ మధ్య ఇరుక్కున్న రైతు. మా బంధువుల చెలకలో సర్వే రాయి పాతిపోయారు. దాని మీది ఎర్ర రంగు వెలిసిపోయింది. బోరు వేద్దామంటే భయం, అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. ఆఫీసుకు పోతే "పైనుంచి రావాలె" అన్న మాటే. ఏ సర్వే నంబరులో ఎంత భూమి పోతుందో, పరిహారం ఎప్పటికో గ్రామ పంచాయతీ గోడ మీద రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకో మాట. గేటు తీసేసి అండర్‌పాస్ కట్టేముందు ఊరివాళ్లను అడగండి. వాన నీళ్లు ఎటు పారుతాయో వాళ్లకు తెలుసు. మేం రోజూ పోయే అండర్‌పాస్‌లో శ్రావణమాసంలో మోకాటిలోతు నీళ్లు నిలుస్తాయి. బడిపిల్లలు చెప్పులు చేతబట్టుకుని, పట్టాల మీదుగా దాటుతున్నారు.

— ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా