పంపు పైసలు నువ్వే ఇవ్వాలి

అరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో కారు సంగతి సగం చెప్పేలోపే లైను కట్టయింది. మిగతాది రాస్తున్నాను, తీరిగ్గా చదువు. ముందే ఒక మాట: కారు ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసే పంపు మార్పించమన్నది నువ్వే. అది మర్చిపోకు.

కరీంనగర్‌లో మా చిన్నమ్మ మనవరాలి శారీ ఫంక్షన్‌కు బయల్దేరాం. మే నెల, మధ్యాహ్నం రెండు, వెనక సీట్లో అమ్మ. హసన్‌పర్తి దాటేదాకా బండి బంగారం. ఎల్కతుర్తి దగ్గరికొచ్చేసరికి టక్కున ఆగిపోయింది. దగ్గలేదు, కుదుపు లేదు, ఎవరో తాళం తిప్పి తీసేసినట్టు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బండరాయి అవుతుంది, తెలుసుగా. బ్రేకు కూడా ఒకట్రెండు సార్లే మెత్తగా పడుతుంది, ఆ తర్వాత కాలు నొప్పే. ఉన్న ఊపులోనే రోడ్డు పక్కకు, వేపచెట్టు కిందికి తీసుకొచ్చాను.

పక్కనే పంక్చర్ షాపు పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, "అన్నా, రేడియేటర్ మూత తీసి నీళ్లు పోద్దాం" అంటూ చేయి పెట్టబోయాడు. లటుక్కున పట్టుకుని ఆపాను. అంత వేడి మీద మూత తీస్తే లోపలి నీళ్లు ముఖానికే ఎగిరేవి. పైగా టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉంది, అంటే ఇంజిన్ కాగిపోలేదు. నలభై నిమిషాలయ్యాక సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టే స్టార్టయింది. ఫంక్షన్‌కు వెళ్లేసరికి భోజనాలు చివరి బంతి. భద్రకాళి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టించలేదని అమ్మ ఇంటికొచ్చేదాకా నన్నే అంది.

ఆ తర్వాత మూడు వారాలు పరేషాన్. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు. ఇంకోచోట స్కానర్ పెట్టి, "కోడ్ ఏం లేదు, సెన్సర్లన్నీ మంచిగున్నయ్" అన్నారు. తర్వాత నీ సలహా: పంపు, ఫిల్టర్, కూలీ కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు. ప్రతిసారీ నయీంనగర్‌లో రెండు చక్కర్లు కొట్టి చూపించేవాళ్లు. చల్లటి బండి ఎందుకు ఆగుతుంది మామా! రోగం వేడెక్కాక వచ్చేది, పరీక్షేమో పొద్దున తొమ్మిదింటికి.

చివరికి ములుగు రోడ్డులో ఒక ముసలి మేస్త్రి దొరికాడు. బానెట్ కూడా ఎత్తలేదు. "ఇప్పుడు నడుస్తున్నదా? మరి నేనేం చూడాలె? సచ్చినప్పుడు చూపియ్యి" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, అన్నాళ్లలో పనికొచ్చే మాట అదొక్కటే. మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని వచ్చాడు. చేతిలో మీటరు, ఒక పాత ప్లగ్గు, గుడ్డ, నీళ్ల బాటిల్. ఎల్కతుర్తి కూడా రాకముందే బండి చచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ముందు తాళం ఒక్కటే తిప్పమన్నాడు. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు 'గుయ్' మంది. పంపు బతికే ఉంది. (పాత పంపు కూడా అట్లాగే అనేది మామా.) తర్వాత సెల్ఫ్ కొట్టమని, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు చూశాడు. మామూలుగా సెల్ఫ్ కొడుతుంటే అది కొంచెమైనా కదులుతుంది. ఇక్కడ సున్నా మీద గోరంత కూడా కదల్లేదు. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిల్‌కు పాత ప్లగ్గు తగిలించి చూస్తే స్పార్క్ లేదు. "క్రాంక్ సెన్సర్" అన్నాడు.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట బొటనవేలంత ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి తీగ. క్రాంక్, అంటే ఇంజిన్ లోపలి ఇరుసు, తిరుగుతోందని కారు కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. ఇది నోరు మూస్తే ఇంజిన్ తిరగట్లేదనుకుని అది స్పార్క్, పెట్రోల్ రెండూ ఆపేస్తుంది. తీగ ఎక్కడో లోపల తెగింది. చల్లగా ఉంటే కొసలు అంటుకుంటాయి, వేడికి విడిపోతాయి. ఆ వేడి మీద మీటరు పెడితే రీడింగే లేదు. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే ఏడు వందల ఓమ్స్ దాకా వచ్చింది. సెల్ఫ్ కొడితే స్టార్ట్. రోడ్డు మీదే ఆయన కాళ్లకు దండం పెట్టబోయాను.

కొత్త సెన్సర్ తొమ్మిది వందలు. తీగ ఎగ్జాస్ట్‌కు తగలకుండా క్లిప్పు కూడా వేశాడు. తర్వాత రెండుసార్లు కరీంనగర్, ఒకసారి రామప్ప, అదీ ఏసీ వేసుకుని మిట్టమధ్యాహ్నం. కిమ్మనలేదు.

మీ బావ కారు కూడా ఎండకు ఆగుతుందన్నావు కదా. ఆగిన క్షణంలోనే సెల్ఫ్ కొట్టి ఆర్‌పీఎం ముల్లు, పంపు చప్పుడు, స్పార్క్ చూడమను. ముల్లు కదిలి, పంపు చప్పుడు లేకపోతే అప్పుడు నీ పంపు సలహా ఇవ్వు. సెన్సర్‌కు మూడు వైర్లుంటే మాత్రం ఓమ్స్ మీటరు పెట్టొద్దను, అది వేరే రకం కావచ్చు, పాడవ్వొచ్చు.

నా పాత పంపు డిక్కీలోనే ఉంది, శుభ్రంగా పనిచేస్తుంది. బతుకమ్మకు వచ్చినప్పుడు నాలుగు వేల ఎనిమిది వందలు ఇచ్చి పట్టుకుపో.

నీ
మామ