మంచు దారుల్లో చైన్లు తప్పనిసరి

సంపాదకులకు నమస్కారం.

శీతాకాలపు సెలవుల్లో హైదరాబాద్ నుంచి సొంత కార్లలో మనాలి, గుల్‌మార్గ్ బయలుదేరే కుటుంబాలు హోటల్ గదుల విషయంలో చూపే శ్రద్ధ మంచుపై జారకుండా టైర్లకు చుట్టి కట్టే గొలుసుల (స్నో చైన్ల) విషయంలో చూపకపోవడం నాకు ఆందోళన కలిగిస్తోంది. మంచు కురిసినప్పుడు మనాలి దగ్గరి సోలంగ్ నుంచి అటల్ సొరంగం వైపు, తంగ్‌మార్గ్ నుంచి గుల్‌మార్గ్ వైపు ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనూ ఇంజిన్ తిప్పే) వాహనాలను, చైన్లు కట్టిన వాహనాలను మాత్రమే పోలీసులు వదులుతారు. ఇది వేధింపు కాదు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల లోపుకు పడిపోతే మన మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుపోయి రోడ్డుపై పట్టు తగ్గుతుంది.

టైరు పక్కన ముద్రించిన కొలతకు సరిపోయే చైన్లనే కొనాలి. ఇంజిన్ ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే, అంటే మన చిన్న కార్లలో ఎక్కువ భాగానికి ముందు చక్రాలకు, కట్టాలి. చైనును టైరుపై పరచి, చక్రం వెనుక వైపు కొక్కెం ముందుగా తగిలించి, తర్వాత బయటి వైపు బిగించి, వంద మీటర్లు నడిపాక ఆపి మళ్లీ బిగించాలి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో, అదీ చీకట్లో, ఈ పని మొదటిసారి చేయడం చాలా కష్టం కనుక బయలుదేరే ముందే అపార్టుమెంటు సెల్లార్‌లో సాధన చేయడం మేలు. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. మంచు లేని రోడ్డు రాగానే విప్పేయాలి, లేకపోతే చైను తెగి బ్రేకు గొట్టాలను దెబ్బతీయవచ్చు.

నగరంలోని డ్రైవింగ్ స్కూళ్లు, కార్లు అద్దెకిచ్చే సంస్థలు సెలవులకు ముందే ఈ శిక్షణ ఇవ్వాలనీ, రవాణా శాఖ అందుకు చొరవ చూపాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్