విషయం: 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) ఈ-గ్లాస్ అనే గాజు పోగుల గుడ్డకు సిలేన్ ఫినిష్ లేకపోవడం గురించి ఫిర్యాదు

క్వాలిటీ విభాగం మేనేజర్ గారికి,

ఎపాక్సీ రెసిన్‌కు సరిపడే సిలేన్ ఫినిష్ (గాజు పోగుకు రెసిన్ గట్టిగా అంటుకునేలా చేసే పూత) ఉందని లేబుల్ వేసి మీరు పంపిన ప్లెయిన్ వీవ్ గుడ్డకు ఆ ఫినిష్ లేదు. నేసేటప్పుడు పోగు తెగకుండా పడుగుకు పెట్టిన గంజి, నూనె ఇంకా దాని మీదే ఉన్నాయి.

పలకలో పొరలు విడిపోతే అనుమానం ముందు రెసిన్ మీదికే పోతుంది. అందుకే పాత రోల్‌తో ఒకటి, మీ రోల్‌తో ఒకటి, రెండు పలకలు ఒకే రోజు వేశాం. ఒక్కోదానికి 24 పొరలు, ఒకే డబ్బా ఎపాక్సీ, బరువులో 100కి 10 పాళ్ల హార్డెనర్, వాక్యూమ్ బ్యాగ్, గది వేడిమిలో 24 గంటలు, ఆపైన ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర 4 గంటలు. రెండిటి మందం 4 మి.మీ., బార్‌కాల్ కాఠిన్యం (రెసిన్ ఎంత గట్టిపడిందో చూపే కొలత) సమానం, గాలి బుడగలు 2 శాతం లోపే.

పొరల మధ్య పట్టు కొలిచే ప్రమాణ పరీక్ష ఏఎస్‌టీఎం డీ2344 ప్రకారం 24 × 8 మి.మీ. ముక్కలు ఐదేసి కోసి, ఆధారాల మధ్య 16 మి.మీ. ఉంచి, నిమిషానికి 1 మి.మీ. వేగంతో నొక్కాం. పాత గుడ్డ పలక సగటున 38 ఎంపీఏ (మెగాపాస్కల్) దగ్గర, మీది 24 దగ్గర పొరలు విడిపోయాయి. రెండు గంటలు నీళ్లలో మరిగించిన ముక్కల్లో పాతది 34, మీది 14. విడిన చోట మైక్రోస్కోపు కింద చూస్తే మీ పోగులకు రెసిన్ తునక కూడా అంటి లేదు.

గుడ్డనే ఆరబెట్టి, తూచి, మఫిల్ ఫర్నేస్‌లో కాల్చాం. మీది ముందు గోధుమరంగుకు తిరిగి, తర్వాత తెల్లబడింది. ఆ రంగు గంజి మాడినప్పటిది. బరువు 1.4 శాతం తగ్గింది. పాతదానిలో తగ్గింది 0.2 శాతమే.

మీ సర్టిఫికెట్‌లో తన్యత బలం ఒక్కటే ఉంది. 14 పొరలతో 250 × 25 మి.మీ. ముక్కలు కోసి మేం లాగినప్పుడూ రెండిటికీ పెద్ద తేడా రాలేదు. లాగుడును మోసేది పోగులే కాబట్టి ఆ పరీక్ష ఎంత బాగున్నా ఈ లోపాన్ని పట్టించదు. పొరలు ఒకదానిపై ఒకటి జారేలా నొక్కే పరీక్షలోనే అది బయటపడుతుంది, తడిసినప్పుడు ఇంకా ఎక్కువగా.

గంజిని కాల్చి తీసి, సిలేన్ పట్టించిన రోల్ మార్చి పంపండి. దానితో పాటు ఆ రోల్‌కే చేసిన ఇగ్నిషన్ లాస్ (కాల్చినప్పుడు తగ్గే బరువు) అంకె, సిలేన్ రకం రాసివ్వండి. పాడైన పలకల రెసిన్, బ్యాగింగ్ సామగ్రి ఖర్చు మీరే భరించాలి.

ఇదే లాట్ ఇంకెవరికి వెళ్లిందో వాళ్లకు ఈ వారంలోనే తెలియజేయండి. పడవలకో, నీళ్ల ట్యాంకులకో ఈ గుడ్డ వాడితే అది నిత్యం నీళ్లలోనే ఉంటుంది.

కాంపోజిట్స్ టెస్టింగ్ ల్యాబ్