నాయన ఎక్స్‌రే చూసి ఆ ఒక్క మాట అడిగిన సార్‌కి

రెండ్రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. నాయన కేసులో ఆర్డర్ వచ్చింది. జబ్బు పని వల్లే వచ్చిందని ఒప్పుకుని, ఇద్దరు యజమానులూ నష్టపరిహారం కట్టాలని రాశారు. డబ్బు నిన్న లేబర్ ఆఫీసులో డిపాజిట్ అయింది.

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల్లో 22 ఏళ్లు రాయి కోశాడు. బడి పలకలు తగ్గిపోయి గోడలకు అతికించే టైల్స్ వచ్చినా మిషన్ అదే, దుమ్ము అదే. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు నెరిసినట్టుండేవి. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు, అంతే. దగ్గు మొదలయ్యాక టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా ఆరు నెలల కోర్సు రెండుసార్లు మింగించారు.

ఆ రోజు ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ఒక పెద్దాయన, భార్య బీపీ మాత్రల కోసం వచ్చారట. నా చేతిలో కవరు చూసి "ఒకసారి ఇటివ్వమ్మా" అని ఫిల్మ్ తీసి కిటికీ వెలుతురుకి పెట్టారు. చాలాసేపు చూశారు. తర్వాత నన్ను కాదు, నాయన్ని అడిగారు. "ఏం పని చేసేవాడివయ్యా?"

మూడేళ్లలో అన్ని ఆసుపత్రులు తిరిగాం, ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఆయన ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "సిలికోసిస్ కావచ్చు, రాతి దుమ్ము జబ్బు. నేను డాక్టర్ని కాను, నా మాట చెల్లదు. ఛాతీ డాక్టరుతో రాయించుకోండి" అన్నారు. ఇలాంటి కేసులో ఒకసారి సాక్ష్యానికి వెళ్లారట. మందుల చీటీ వెనక రాసిచ్చారు: 1923 నాటి పరిహారం చట్టం, మూడో షెడ్యూలు (పని వల్ల వచ్చే జబ్బుల జాబితా), సి భాగం. "ఎక్కడ ఎన్నేళ్లు చేశాడో రాసుకో. యజమానులు ఎంతమందైనా తలా కొంత కట్టాల్సిందే." ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది.

నాలుగు వాయిదాలకి మాతో పల్లెవెలుగు బస్సులో వచ్చారు. టికెట్ డబ్బులు కూడా తీసుకోలేదు. ఒకరోజు అవతలి లాయరు "బీడీలు తాగి చెడగొట్టుకున్నాడు" అన్నాడు. మా నాయన బీడీ ముట్టడు. నేను బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డా. సార్ తన క్యారేజీ విప్పి, మూతలో సగం పెరుగన్నం పెట్టి, పైన ఒక ఆవకాయ ముక్క వేసి "తిను, రెండింటికి మళ్లీ పిలుస్తారు" అన్నారు. నాయనకి ఆక్సిజన్ పెట్టినప్పుడు కూడా ఏడవలేదు నేను. ఆ ఆవకాయ ముక్క చూసి ఏడ్చాను. పేరు రాయొద్దని మాట తీసుకున్నారు, అందుకే రాయట్లేదు.

అమ్మ, తమ్ముడు ఉండనే ఉన్నారు. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకుని వచ్చాడు.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. జబ్బు పేరు చట్టంలోనే ఉంది. అయినా జీతం చీటీ ఇవ్వరు, హాజరు పట్టీ వాళ్ల దగ్గరే ఉంటుంది, "మా దగ్గర పనే చేయలేదు" అనేస్తే చేశాడని మేం నిరూపించాలి. ఫ్యాక్టరీ కూలీలో ఈ జబ్బు కనిపిస్తే డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేదని సారే చెప్పారు. మా విషయంలో ఎవరు తెలియజేశారు? లేబర్ ఆఫీసేమో మేడ మీద, లిఫ్ట్ లేదు. సిలిండరుతో సహా నాయన్ని ఎక్కిస్తే "ఆఫీసరు గారు క్యాంపుకెళ్లారు, వచ్చే నెల రండి" అన్నారు. రెండుసార్లు ఇదే.

అయ్యో, అసలువాళ్లని మర్చిపోయా. నాయనతో కలిసి పనిచేసిన ఇద్దరు బాబాయిలు వచ్చి సాక్ష్యం చెప్పారు. మర్నాడే వాళ్లని పనిలోకి రావద్దన్నారు. ఎవరైనా పని ఇప్పించగలిగితే నాకు మెసేజ్ చేయండి, ఇది మాత్రం మర్చిపోకండి.

నాయన్ని రెండుసార్లూ వీపు మీద మోసుకెళ్లిన ఆటో అన్నకి కూడా థ్యాంక్స్. ఇంకా జిరాక్స్ షాపు తమ్ముడూ, నీకు నలభై రూపాయలు బాకీ ఉన్నా, సోమవారం వస్తా.