మన గుడి తలుపులు, బల్లల మరమ్మతుకు విరాళాల విజ్ఞప్తి

భక్తులందరికీ ఆలయ కమిటీ నమస్కారాలు.

మన గుడి ప్రధాన ద్వారం తలుపు వానలు పడితే చాలు బిగుసుకుపోతోంది. ఇద్దరు కలిసి నెడితే గానీ తెరుచుకోవడం లేదు. ద్వారబంధం అడుగున ఒక పక్క చెదలు పట్టాయి. మంటపంలో రెండు కిటికీ రెక్కలు బందుల నుంచి ఊడి వేలాడుతున్నాయి. పెద్దవాళ్లు కూర్చునే బల్లల కాళ్లు కదులుతున్నాయి, పుస్తకాల బీరువా అడుగు పలక పుచ్చిపోయింది. ఈ చెక్క పనులన్నీ ఒకే విడతలో, పద్ధతి ప్రకారం చేయించాలని కమిటీ నిర్ణయించింది. అందుకోసమే ఈ విజ్ఞప్తి.

పాతవి తీసేసి కొత్త తలుపులు పెట్టిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడిగారు. కొత్త తలుపులు చేయించి ఇస్తామని ముందుకొచ్చిన దాతలూ ఉన్నారు, వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాం. అయినా ఉన్న తలుపులనే బాగుచేయించుకోవాలన్నది మా అభిప్రాయం. వడ్రంగులు ఆ రెక్కలను పైనుంచి కింది దాకా తట్టి, ఉలి మొనతో గుచ్చి చూశారు. చెక్క చేవతో, అంటే చెట్టు నడిమి గట్టి భాగంతో, దిట్టంగా ఉందన్నారు. వంకర పోవాల్సింది ఎప్పుడో పోయి, ఇప్పుడు నిలకడకు వచ్చిన చెక్క అది. సరిగా ఆరని కొత్త చెక్కతో తలుపు చేయిస్తే, బిగించిన తర్వాత అది ఆరుతూ ముడుచుకుపోతుంది, మెలి తిరుగుతుంది. చెడిపోయింది కొద్ది భాగమే అయినప్పుడు మొత్తం తలుపును పారేయడం మాకు మనసొప్పలేదు.

బిగుసుకుపోయిన తలుపును ఎందుకు వెంటనే చిత్రిక పట్టించలేదని కూడా కొందరు కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమే, రోజూ దాన్ని నెట్టి తెరిచేది మీరే కాబట్టి. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండలకు వదిలేస్తుంది. పీల్చుకున్నప్పుడు పొడవులో దాదాపు మార్పు ఉండదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. వానాకాలంలో తలుపు అంచు చెక్కేస్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది. వేసవి వచ్చేసరికి రెక్క ముడుచుకుని, రెండు రెక్కల మధ్య వేలు పట్టేంత సందు పడుతుంది, గడియ అందదు. చెక్కింది మళ్లీ అతకదు. అందుకే ఎండలు కాసి చెక్క ఆరేదాకా ఆగుతున్నాం. ఆరాక కూడా ఎక్కడైనా రాసుకుంటుంటే, అంచుకు సుద్దముక్క రాసి తలుపు మూసి చూసి, సుద్ద చెరిగినచోట మాత్రమే చెక్కుతారు.

ఇంకో సంగతి బయటపడింది. తలుపు ముఖాలకు రంగు మీద రంగు వేశారు గానీ, పై అంచుకు, కింది అంచుకు ఎప్పుడూ వేయలేదు. కంటికి కనిపించని చోట్లని వదిలేసి ఉంటారు. చెక్కను అడ్డంగా కోసిన ముఖం నుంచే తేమ అన్నిటికన్నా త్వరగా లోపలికి వెళ్తుంది. ఈసారి రెక్కలు దించినప్పుడు ఆ అంచులకు కూడా పూత పడుతుంది. మీ ఇంట్లో తలుపు ఏటా బిగుసుకుంటుంటే ఒక చిన్న అద్దం పట్టుకుని దాని పై అంచు, కింది అంచు చూసుకోండి.

అసలు తలుపు కిందికి జారడానికి సగం కారణం బందులు. పైబందు మరలు వదులై రెక్క ఒరిగింది. వదులైన రంధ్రంలో అదే మరను మళ్లీ తిప్పితే పట్టు దొరకదు. ఆ రంధ్రాన్ని శుభ్రంగా తొలిచి, జిగురు పూసిన చెక్క చీలను బిగించి, ఒక రోజంతా ఆరనిచ్చి, సన్నటి రంధ్రం వేసి కొత్త మర ఎక్కించాలి. కిటికీలకూ ఇదే పని. ఇనుప మరల బదులు ఇత్తడివి అడిగాం. టేకులాంటి చెక్కలో తడి చేరితే ఇనుము తుప్పు పట్టి, చుట్టూ నల్లటి మరక పాకుతుంది. ఇత్తడి మెత్తన కాబట్టి ముందు ఉక్కు మరతో దారి చేసి, తర్వాత దాన్ని తీసి ఇత్తడి మర బిగిస్తారు. మరకు కాస్త మైనం రాస్తే తేలిగ్గా దిగుతుంది.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ద్వారబంధం. గచ్చు కడిగిన నీళ్లు రోజూ దాని అడుగున నిలుస్తున్నాయి. ఎండు చెక్క బరువులో తడి 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టదు. అది దాటితే బూజు లేస్తుంది, మెత్తబడిన చోటికి చెదలూ వస్తాయి. గోడ వెంట సన్నటి మట్టి దారులు కనిపించేసరికే లోపల చాలా తినేశాయి. పైకి రంగు చెక్కుచెదరకుండా ఉన్నా, వేలితో తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తోంది. కిరోసిన్ పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చారు. అది తగిలిన పురుగులు చస్తాయంతే, నేలలో ఉన్న పుట్ట అలాగే ఉంటుంది. పైగా దీపాలు వెలిగే చోట కిరోసిన్ పోయడం మాకు ఏ మాత్రం ఇష్టం లేదు.

కాబట్టి పని ఈ వరుసలో జరుగుతుంది. మొదట గచ్చు వాలు సరిచేసి నీళ్లు బయటికి పోయే దారి చేయిస్తాం. తర్వాత ఆ పని తెలిసినవాళ్లతో నేలకు చెదల మందు పెట్టిస్తాం. ఆపైనే వడ్రంగి పని. చెడిన భాగాన్ని గట్టి చెక్క తగిలేదాకా వాలుగా కోసేసి, బాగా ఆరిన చేవ చెక్క ముక్కను అదే వాలుకు కోసి అతుకుతారు. కొత్త ముక్క నేలను తాకకుండా కింద రాతి దిమ్మ వేస్తారు. నీళ్ల సంగతి చూడకుండా చెక్క మార్చితే మళ్లీ అదే చోట అదే జబ్బు వస్తుంది. విరాళాల్లో పెద్ద భాగం కంటికి కనిపించని ఈ పనికే పోతుందని ముందే చెబుతున్నాం.

బల్లల విషయంలో ఒక విన్నపం. కదులుతున్న కాళ్లు చూసి ఎవరో మంచి మనసుతోనే అతుకుల్లో మేకులు కొట్టారు. దయచేసి అలా చేయకండి. బెజ్జంలో కూర్చున్న కుసి (చెక్క చివర నాలుకలా చెక్కిన భాగం) మేకు దెబ్బకు చీలిపోతుంది, తర్వాత ఎంత జిగురు పెట్టినా నిలవదు. పద్ధతి వేరే. అతుకును మెల్లగా విప్పి, పాత జిగురంతా గీకేయాలి. ఎండిన జిగురు మీద కొత్త జిగురు పట్టదు. కుసి వదులైతే పలుచటి చెక్క పొరను అతికి సరిపడా చేసి, కొత్త జిగురుతో కూర్చోబెట్టి, తాడుతో చుట్టి కర్రతో మెలిపెట్టి, మర్నాటి వరకూ కదపకూడదు. మీ ఇంటి కుర్చీకైనా ఇదే వైద్యం.

బీరువా అడుగు పలక మార్చేస్తాం. దాని కింద పిండిలా రాలుతున్న పొడి పుప్పి పురుగుది. ఆ పురుగు ఎక్కువగా చేవ లేని తెల్ల చెక్కనే తింటుంది. ఊడ్చేశాక మళ్లీ తాజా పొడి రాలిందంటే పురుగు బతికే ఉందని గుర్తు.

పాత రంగు గీకే రోజుల్లో పిల్లలను ఆ వైపు రానివ్వకండి. పాతకాలం రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పొడి గీకుడు దుమ్ము పిల్లలకు చాలా హాని చేస్తుంది. అందుకే తడిపి గీకించి, ఆ పెచ్చులను గుడ్డలో పట్టి విడిగా తీసేయిస్తాం. రంగు పోయాక చెక్క అందం కనిపించేలా అవిసె నూనె పూత వేయాలని ఉంది. ఆ పూత తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. సేవకు వచ్చేవాళ్లు ఆ గుడ్డలను బయట విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. ఈ ఒక్క మాట తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

పని పూర్తయ్యాక ఏటా చూసుకోవడానికి విడిగా ఒక చెక్క పనుల నిధి పెడుతున్నాం. వానలకు ముందు మరలు బిగించడం, అంచుల పూత చూడడం, చెద దారుల కోసం గోడలు వెతకడం, పూత అరిగిన చోట మళ్లీ వేయడం దీని కిందికి వస్తాయి. కొత్త తలుపుకు దాత దొరకడం తేలిక, దాని మీద పేరు ఉంటుంది. ఏటా మరలు బిగించే ఖర్చుకు దాత దొరకడు. మా అనుభవంలో గుడి చెక్క పాడైపోయింది సరిగ్గా అక్కడే. అందుకే, ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వగలిగినవారు కూడా అందులో కొంత ఈ నిధికి రాయమని కోరుతున్నాం. ఏటా చిన్న మొత్తం ఇచ్చేవారు మాకు ఎంతో విలువైనవారు.

డబ్బే ఇవ్వాలని లేదు. పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన ఎండు దూలాలు, వాసాలు, పాత తలుపు చెక్కలు ఉంటే ఇవ్వండి. మేకులు ఉన్నా ఫరవాలేదు, పురుగు లేకుండా ఉంటే చాలు. తెచ్చేముందు ఒకసారి వడ్రంగికి చూపిస్తే మంచిది, పుప్పి ఉన్న చెక్క గుడిలోకి వస్తే ఉన్నవాటికీ పాకుతుంది. వడ్రంగం తెలిసినవారు ఒక పూట చేయి కలిపినా చాలు. పని తెలియనివారికి గరుకు కాగితంతో చెక్కను రుద్దడం, తుడవడం, సామాను అందించడం ఉన్నాయి.

పని జరుగుతున్నన్ని రోజులూ, ఇష్టమైనవారు వచ్చి పక్కన కూర్చుని చూడొచ్చు. జారిన తలుపు ఎత్తడం, సొరుగు పట్టాలకు మైనం రాయడం, బందు మార్చడం లాంటివి మీ ఇంటికీ పనికొస్తాయి. అడిగినవన్నీ చెబుతామని వడ్రంగులు మాట ఇచ్చారు.

అంచనా వివరాలు ఆలయ కార్యాలయం నోటీసు బోర్డు మీద ఉంచాం. ప్రతి విరాళానికీ రసీదు ఇస్తాం, జమాఖర్చులు అదే బోర్డు మీద పెడతాం. మిగిలిన మొత్తం ఏదైనా ఉంటే ఏటా చూసుకునే నిధిలోకే వెళ్తుంది. చెక్క ఆరగానే పని మొదలవుతుంది కాబట్టి, కలప ఇచ్చేవారు అంతకుముందే కార్యాలయంలో చెప్పండి, దాన్ని నీడలో పేర్చి పెట్టుకోవాలి.

ఇట్లు,
ఆలయ కమిటీ