మట్టి మిద్దెలో అద్దెకుండేవాళ్లం ఏ లెక్కలో వస్తాం సార్?

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురం జిల్లాలో ఉరవకొండ వైపు ఓ మండల కేంద్రంలో మిషన్ కుట్టుకుని బతుకుతున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో 4 సార్లు అర్జీ ఇచ్చాను. రసీదులన్నీ బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ప్రతిసారీ కొన్ని రోజులకు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కారమైందని. అది చదివి తలెత్తి మిద్దె వైపు చూస్తాను. ఇంకా కారుతూనే ఉంటుంది.

మా వరసలో 5 మట్టి మిద్దెలున్నాయి, అంటే దూలాల మీద మట్టి కప్పిన ఇళ్లు. అన్నిట్లోనూ అద్దెకుండేవాళ్లమే. ఒకాయన హమాలీ, ఒకామె హోటల్లో అంట్లు తోముతుంది, చివరింట్లో పింఛను మీద బతికే ముసలామె. అద్దె 900. ఆ డబ్బుకు ఈ ఊళ్లో ఇంకెక్కడా తల దాచుకోలేం.

మట్టి మిద్దె సంగతి ఈ సీమలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. నీళ్లు దిగకుండా ఏటా వానలకు ముందు పైన కొత్త చౌడు మట్టి పరవాలి. ఇప్పుడు చౌడు తోలేవాళ్లూ లేరు, పరిచే పని తెలిసినవాళ్లూ తగ్గిపోయారు. మూడేళ్లుగా మా మిద్దె మీద తట్టెడు చౌడు పడలేదు. మొన్నటి వానకు, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షి పక్క, దూలాల మీద అడ్డంగా వేసే దంతె కర్ర విరిగి, అన్నం గిన్నెలో మట్టి పడింది. ఆ రాత్రి కుట్టుమిషన్ మీద ప్లాస్టిక్ పట్ట కప్పి, పాప పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. కుట్టాల్సిన పెళ్లి జాకెట్లు తడిస్తే నా గతేమిటని ఒకటే టెన్షన్. వాన రాకపోతే ఊరంతా ఏడుస్తుంది, వస్తే మేం ఏడుస్తాం.

ఓనరు పెద్దాయన చెడ్డవాడేం కాదు. "నువ్విచ్చే అద్దెకు ఒక దూలం కూడా రాదమ్మా" అంటాడు. నిజమే. బెంగళూరులో ఉన్న కొడుకేమో పడగొట్టి రూములు కట్టేద్దామంటున్నాడు. పక్క వీధిలో గాలిమరల ఫ్యాన్ల కంపెనీ వాళ్లకిచ్చిన రూము 4,500, పది నెలల అడ్వాన్సు. రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టంలో రాశారట. మా ఓనర్లకు ఆ నమూనా ఇంకా అందినట్టు లేదు.

నీకు ఇంటి పట్టా ఉంది కదా అంటారు గ్రామ సచివాలయంలో. ఉంది సార్, 2020 డిసెంబరులో ఇచ్చిన సెంటున్నర. ఊరికి 4 కిలోమీటర్ల దూరంలో, వంక అవతల. 1.80 లక్షల బిల్లులు విడతలుగా వస్తాయని నమ్మి అప్పు చేసి బేస్‌మెంట్ వేశాను. దాని మీద ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. ఆ తర్వాత పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామన్నారు. సెంట్లు పెరుగుతున్నాయి కానీ గోడలు పెరగడం లేదు. పోనీ ఇల్లు పూర్తయిందే అనుకోండి, జాకెట్టు కొలతలివ్వడానికి వంక దాటి అంత దూరం ఎవరొస్తారు?

పట్నాల్లో వలస కూలీలకని 2020లో కేంద్రం అద్దె ఇళ్ల పథకం పెట్టింది. సంతోషం. పల్లెలో అద్దెకుండేవాళ్లు ఉంటారని ఢిల్లీలో తోచలేదేమో, మీకైనా తోచాలి కదా. కేంద్ర పథకంలో పల్లె ఇంటికిచ్చే 1.20 లక్షలు సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు. ఈ మిద్దె నాది కాదు కాబట్టి నాకు రాదు. కొడుక్కి బెంగళూరులో ఫ్లాటు పెట్టుకుని ఓనరు ఏ ముఖంతో అడుగుతాడు? మధ్యలో దూలం కుంగుతోంది.

నేనడిగేది కొత్త ఇల్లు కాదు. ఇలాంటి పాత ఇళ్లు బాగు చేసుకోవడానికి ఓనర్లకు కొంత సాయం చేయండి. బదులుగా కొన్నేళ్లు పాత అద్దెకే ఇవ్వాలని వాళ్లతో రాయించుకోండి. ఎలా చేస్తారో మీకే తెలియాలి. మాకు తెలిసిందల్లా ఉగాదికి ఖాళీ చేయమన్నారని. ఐదో అర్జీ కూడా రాసి పెట్టాను, దానికీ మెసేజ్ వస్తుంది లెండి.

మెసేజ్ బదులు ఒక మనిషిని పంపండి సార్. మధ్యాహ్నం పూట ఇంట్లోనే ఉంటాను. వాకిలి పొట్టిది, తల జాగ్రత్త అని చెప్పండి.

ఇట్లు,
మూడో మిద్దెలో అద్దెకుండే దర్జీ